నా పేరున వచ్చిన డబ్బాను నమ్మవద్దని మనవి

కరీంనగర్ పెద్ద దవాఖాన, ల్యాబు డాక్టరు విద్యాధర్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా డబ్బా ఫలితాన్ని కొట్టివేసి, నా భర్త అబ్రహాంకు సూదిమందు మార్చకుండా ఆపుట గురించి.

తమరి దగ్గు తగ్గినదా? ల్యాబులో రక్తం తీసే రాంచందర్ నడుమునొప్పి ఎట్లున్నది? మా ఊరి ఆశా వర్కర్ రమ జలుబు నుండి తేరుకున్నది. మా కోళ్లు కూడా బాగున్నవి. వాటి సంగతే కింద మనవి చేస్తున్నాను. అబ్రహాం మాత్రం బాగా లేడు. టైఫాయిడ్ అని తమరు అనుమానించిన జ్వరానికి ఇది పన్నెండో రోజు.

1. ఆయన రక్తాన్ని తమరు సీసాలో ఐదు రోజులు ఉంచినా ఏ క్రిమీ పెరగలేదు. అందుకు బాధ్యురాలను నేనే. ఇక్కడికి రాకముందు మా ఊరి ఆరెంపీ డాక్టరు కొండల్ ఇచ్చిన పెద్ద గోళీలు నాలుగు రోజులు మింగించితిని. అవి క్రిములను చంపేవట. "మందులేమన్న వాడిండ్రా?" అని రాంచందర్ అడిగితే, తిడతాడని భయపడి, "ప్రార్థన తప్ప ఏం వాడలే సారూ" అన్నాను.

2. ఇంట్లో ఇంకెవరి కడుపులోనైనా క్రిమి దాగి ఉన్నదేమో చూడాలని రమ నాకు మూత డబ్బా ఇచ్చింది.

"దొడ్డికి పోయినంక జరంత గిండ్ల పెట్టియ్యి అవ్వా."

"సిగ్గు లేదానే? చర్చి స్త్రీల సమాజానికి పెద్దను నేను. దాని మీద నా పేరు రాసి బస్సుల పట్టుకపోతవా?"

"రాయకుంటే ఎవరిదని ఎర్కైతది?"

నాకు చెయ్యి రాలేదు. కోళ్ల గూటిలోనిది పుల్లతో తీసి, పెట్టి, మూత బిగించితిని. డబ్బా ఇస్తే చాలనుకున్నాను. అంత లోతుగా చూస్తారని ఎరుగను.

3. నిన్న రాంచందర్ ల్యాబు నుండి వార్డులో ఉన్న నాకు ఫోన్ చేశాడు. "అవ్వా, నీ డబ్బల టైఫాయిడ్ క్రిమి గాదు, దాని చుట్టం దొరికింది! గిది కోళ్లల్ల ఉంటది, మనుషులల్ల ఊకె దొరకదు. హైదరాబాద్‌కు రాస్తున్నం."

పక్కన మంచంలో ఆ మాట విన్న అబ్రహాం జ్వరంతోనే నవ్వాడు. "గిదేం కొత్త ముచ్చట సారూ? ఈమె పొద్దుగాల నాలుగు గొట్టంగనే కూస్తది."

నాకు నవ్వు రాలేదు. ఆయన సీసా ఉత్తది కావడంతో, నా డబ్బాలోని క్రిమే ఆయనకూ ఉన్నదని రేపటి నుండి సూది మారుస్తారట. కోడి రోగం మందు నా మొగనికి ఎక్కితే ఏమైతదోనని ఈ మనవి రాస్తున్నాను.

4. మొదట్లోనే తమరు ఎముక మజ్జ తీసి చూద్దామన్నారు. గోళీలు మింగినా క్రిమి అందులో దొరకవచ్చునన్నారు. "ఆయన బొక్క ముట్టొద్దు" అని లొల్లి చేసింది నేనే. ఇప్పుడు సమ్మతిస్తున్నాను. కింద ఉన్న సంతకం దానికీ వర్తించును. ఆలస్యం చేయవద్దు. నన్ను ఎంత తిట్టినా సరే, ఆయన బతకాలి.

హైదరాబాద్‌కు మాత్రం నా పేరు రాయవద్దు. కోళ్ల సంగతి అబ్రహాంకు అసలే చెప్పవద్దు, బతికినన్నాళ్లు దెప్పుతాడు.

ఈ భయస్తురాలి తప్పును, మొరను కలిపి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
దెబోరా

మరచినది: అసలైన డబ్బా ఇద్దామని నిన్నటి నుండి ఇక్కడే ప్రయత్నిస్తున్నాను. బయట నలుగురు నిలబడి తలుపు కొడుతుంటే నాకు రావడం లేదు. మా ఇంటికి పోయి తెస్తాను. మూత తీసేది ఆడమనిషే కావలెను. పదిహేడో తేదీ, గురువారం, పొద్దున పది గంటలకు తెచ్చి ఇచ్చెదను.