పోగు తెగితే ఎవరు చెప్తారు?

సుజాతా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున నీ ఫోటోకు దండ వేసి, వంటింట్లో ఉన్న మన బిడ్డతో అన్నాను.

"ఏం తేవాల్నో చెప్పు బిడ్డా, తెస్త."

నీతోనూ రోజూ ఇదే అనేవాణ్ని. ఆ మాట అంటే సగం పని చేసినట్టే అనుకునేవాణ్ని.

లావణ్యకు వారంలో పదో తరగతి పరీక్షలు. పుస్తకం బియ్యం డబ్బా మీద తెరిచి పెట్టుకుని గిన్నెలు తోముతోంది. నా వైపు తిరగలేదు.

"బాపూ, సాంచ మీద పోగు తెగితే నీకెవరన్న చెప్తరా?" అంది.

ఎవరూ చెప్పరు. మరమగ్గాల కార్ఖానాలో ఎనిమిది సాంచాల మధ్య తిరుగుతూ, ఎక్కడ పోగు తెగినా నేనే చూసి, ఆపి, ముడి వేస్తాను.

ఇంట్లో ఉప్పు, గ్యాసు, బిడ్డ ఫీజు, మా అమ్మ కండ్ల మందు అన్నీ నువ్వే యాదిలో పెట్టుకుని నాకు చెప్పేదానివి. నీ బీపీ గోలీలు అయిపోయిన సంగతి ఒక్కటే చెప్పలేదు. దవాఖానాలో నిన్ను "ఎందుకు చెప్పలే?" అని గద్దించాను. అప్పటికే నీకు పక్షవాతంతో మాట పడిపోయింది.

ఇవాళ ఏమేం లేవో నేనే చూద్దామని వంటింటి అల్మారా తెరిచాను. ఉప్పు డబ్బా పక్కన నీ బీపీ గోలీల ఖాళీ షీటు కనిపించింది. సరిగ్గా నా కండ్ల ఎత్తులోనే ఉంది.

లావణ్య ఆ అల్మారా రోజూ తుడుస్తుంది. ఆ షీటును మాత్రం పారెయ్యలేదు. నేను చూసేదాకా ఉంచినట్టుంది.