పెళ్లింట్లో పాడిన శోకం

క్యాంపస్ హాస్టల్, హైదరాబాదు
12-2-96

పెద్దమ్మా, వందనాలు. తార్నాక గది పోయిందని మనూరి కుమార్ చెప్పే ఉంటాడు. కంగారు పడకు, హాస్టల్లో స్నేహితుడి గదిలో ఉంటున్నాను.

తప్పు మాదే. మా బ్యాండు వాయించేది ఇరవై ఏళ్ల కిందటి ఇంగ్లీషు రాక్. గిటార్లు ఎంత గట్టిగా మోగినా దాని అడుగున ఉన్నది అమెరికా పత్తి చేలల్లో పనిచేసిన నల్లవాళ్ల ఏడుపే. ఆ వరసకు తెలుగు మాటలు కావాలని, పెద్దనాన్న పోయినప్పుడు నువ్వు శోకం పెట్టిన మాటలే పాడాను. కింద ఓనరమ్మ కూతురి పెళ్లికి పసుపు దంచుతున్నారని మరిచాం. ఆమె పైకొచ్చి, "పెండ్లింట్ల గీ సావు ఏడ్పేందిరా? సామాన్లు తీస్కపోండ్రి!" అని ఆంప్లిఫయర్ వైరు పీకేసింది.

గిటారుతో దిగుతుంటే మెట్ల మీద ఆమె అత్త, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "ఎవలు పోయిండ్రు బిడ్డా?" అంది. "మా పెద్దనాన్న" అన్నాను. ఆయన పోయి ఏడాదైనా, అప్పుడే గిటారు పక్కన పెట్టి ఆ మెట్టు మీదే కూర్చుని ఏడ్చాను.

కుమార్ వస్తే నా దుప్పటి పంపు, గది చల్లగా ఉంది. మోకాలికి నూనె రాస్తున్నావా? మేక ఈనిందా? ఈ కార్డు చదివి వినిపించే చెల్లె భాగ్యకు నా దీవెనలు.

శనివారం క్యాంపస్‌లో ఆ పాటే పాడుతున్నాం, దాన్ని ముగించడమే తెలియడం లేదు. పెద్దనాన్న పోయిన రోజు భాగ్య వచ్చి వాటేసుకున్నాకే నువ్వు ఆపావు. ఎవరూ వచ్చి పట్టుకోకపోతే ఎక్కడ ఆపాలి, పెద్దమ్మా?

నీ కొడుకు,
రత్నాకర్