మిరియపు గింజ పుచ్చుకోని మాట

మంగళవారం, పటమట.

ఉత్త మాట ఇంగ్లీషు చట్టంలో చెల్లదని, బదులుగా మిరియపు గింజైనా పుచ్చుకోవాలని, ముందే చేసేసిన సేవ ఆ ప్రతిఫలం కిందకు రాదని పొద్దున క్లాసులో చెప్పాను. మాటను కూడా సరుకులా తూచే వర్తకుల నీతి ఇది అని తిట్టాను కూడా.

సాయంత్రం అన్నయ్య ఆ పాఠమే నాకు అప్పజెప్పాడు. అమ్మను చివరిదాకా కనిపెట్టుకున్న అక్కకు, తన ఇంట్లో కింది వాటా నీదేనని దినం భోజనాల్లో అందరి ముందూ అన్నది ఆయనే. ఇప్పుడు ఖాళీ చేయమంటున్నాడు.

"అమ్మ పోయాకేగా నేను మాటిచ్చింది? మరి ప్రతిఫలం ఏదండీ, లెక్చరరు గారూ?"

"ఇది ఇంగ్లండు కాదు అన్నయ్యా! చేసిన సేవకు తర్వాత మాటిచ్చినా మన చట్టం ఒప్పుకుంటుంది. కోర్టులో నేనే చెబుతా."

"చెప్పరా. దాని సేవ సరే, పై వాటాలో నిన్నుండమన్నానే, నువ్వేం చేశావని?"

అక్కే కలగజేసుకుంది. "వాణ్ణేమీ అనకు అన్నయ్యా, వాడి పిల్లలకు పరీక్షలు. నేను వెళ్తాలే."

ఎంత సిగ్గుమాలిన బేరం! ఆమె నోరు మూసుకుంటేనే నాకు నీడ.

కింద అక్క గిన్నెలు గోనెసంచిలో సర్దుతున్న చప్పుడు. దిగి వెళ్లి వద్దనాలి. ఏ మాటిచ్చి ఆపను...