రెండు గంటలు విప్పకూడని కవరు

మెట్ల కింది గది,
డిసెంబరు 11, గురువారం సాయంత్రం.

మేడమీద కొలువున్న వదిన గారికి,

నీ ఆడపడుచు నమస్కరించి రాస్తున్నది. కింద అందరం క్షేమం. నువ్వూ క్షేమమేనని నా గది కప్పు మీద నీ అడుగుల చప్పుడును బట్టి తెలుస్తూనే ఉంది. పదిహేను మెట్లు ఎక్కలేక ఉత్తరం రాస్తున్నానని అనుకోకు. ఎదురుగా వచ్చి ఏం మాట్లాడినా నువ్వు ఊఁ అంటావు. పదకొండు రోజులుగా నీ దగ్గర నాకు దక్కినవి ఆ ఊఁలే. కాగితం దగ్గర అది కుదరదు, చివరిదాకా చదవాల్సిందే. అన్నయ్య చేతికిచ్చి పంపుతున్నాను. దారిలో తెరిచి చదువుతాడన్న భయం లేదు. అంత చదివే ఓపికే ఉంటే తన డిగ్రీ ఎప్పుడో పూర్తయ్యేది.

ఈసడింపు అనే మాట నాకు ఈ మధ్యే పరిచయమైంది. ఎక్కడ వాడదామా అని వెతుకుతుంటే నీ మంచు ప్రయాణపు సన్నాహాలు గుర్తొచ్చాయి. గడ్డకట్టిన సరస్సును ఫొటో తీయడానికి కొండలెక్కేవాళ్లు లోకంలో చాలామందే ఉంటారు. వాళ్లలో ఎవరైనా నెల రోజుల ముందు నుంచి చేతి తొడుగులు వేసుకుని చొక్కా బొత్తాలు పెట్టి ఉంటారా? నువ్వు అన్నయ్య చొక్కాలన్నిటికీ పెట్టావు, తీశావు, మళ్లీ పెట్టావు. అవే తొడుగులతో అగ్గిపుల్ల గీయబోతే అమ్మ వచ్చి అగ్గిపెట్టె లాక్కుంది. కెమెరా బ్యాటరీలను ఫ్రిజ్‌లో ఐసు గడ్డల పక్కన పెట్టి, ఏది ఎంతసేపటికి చస్తుందో గడియారం చూసి రాసుకున్నావు. చలిలో బ్యాటరీకి ఒంటి వేడి తగులుతూ ఉండాలని స్వెట్టరు లోపల నాలుగు జేబులు కుట్టుకుని, నాలుగు బ్యాటరీలతో పొదిగే కోడిలా ఇల్లంతా తిరిగావు. ఇనుప స్టాండు చలికి చేతిని పట్టేస్తుందని దాని మూడు కాళ్లకూ మందపాటి గుడ్డ చుట్టావు. రోజంతా ఆసుపత్రిలో విరిగిన కాళ్లకు ఎక్స్‌రేలు తీసే మనిషి, ఇంటికొచ్చి విరగని కాళ్లకు కట్లు కడుతోందని నేనంటే అన్నయ్య పడీపడీ నవ్వాడు. నువ్వూ నవ్వావు. అదే నాకు ఒళ్లు మండించింది. తిడితే నవ్వే మనిషిని ఇంకేం పెట్టి తిట్టాలి?

ఆ పైన పాఠాలొకటి. చుట్టూ మంచే ఉంటే కెమెరా కంగారుపడి తెల్లదాన్ని బూడిద రంగు చేసేస్తుందట, అందుకని దాని మాట వినకుండా మనమే వెలుగు పెంచుకోవాలట. కెమెరా మాట వినొద్దని నాకు చెప్పే నువ్వు, ఇంట్లో మాత్రం ఎవరేం చెప్పినా వింటావు.

నిన్నొక్కదాన్నే అంటున్నానని బాధపడకు, నీ జట్టును కూడా వదలను. కోల్డ్ స్టోరేజీ మేనేజరుగారు కొన్న కోటు చూశావుగా? అది తొడుక్కున్నాక ఆయన చేతులు కిందికి దిగలేదు, ఆఫీసు తలుపులోంచి పక్కకు తిరిగి బయటపడ్డారు. అంతా తెల్లగానే ఉంటే అక్కడ ఫొటో తీయడానికి ఏముంటుందని కూడా అడిగారు. ఇక మన స్టూడియో తాతగారు. నలభై ఏళ్లు పాస్‌పోర్టు ఫొటోలు తీసీ తీసీ, గడ్డం కొంచెం పైకెత్తమని ఆ సరస్సుకు కూడా చెప్పేలా ఉన్నారు. జీపులో డ్రైవరు కాక ముగ్గురికే చోటు, మిగతాదంతా సామాను. తాతగారు, మేనేజరుగారు, నువ్వు. ఎవరికైనా జ్వరమొస్తే నేను. నాలుగో మనిషిగా జ్వరాల కోసం ఎదురుచూడటం ఎలా ఉంటుందో నీకు తెలియదు.

కొండల చలికి అలవాటు పడాలని తాతగారు మూడు ఆదివారాలు మనల్ని కోల్డ్ స్టోరేజీలో యాపిల్ పెట్టెల మధ్య నిలబెట్టారు కదా. తొడుగులతోనే స్టాండు బిగించాలి, బ్యాటరీ మార్చాలి. అన్నిటికన్నా ముఖ్యం, బయటికి రాబోయే ముందు ఆ చలిలోనే కెమెరాను ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి గట్టిగా కట్టేయాలి. బయటికి తెచ్చాక రెండు గంటలు విప్పకూడదు. తేమ చేరితే కవరు మీద చేరనీ, విప్పితే మాత్రం చల్లటి కెమెరా లోపలికి పోయి నీళ్లవుతుంది. ఇక్కడ రెండు గంటలు ఆగలేనివాళ్లు అక్కడ ఎందుకూ పనికిరారని తాతగారు ప్రతి ఆదివారం అన్నారు. ఇంటికొచ్చాక నువ్వు నా చేత మళ్లీ వల్లె వేయించావు.

మూడో ఆదివారం తాతగారు తన ప్రాణంలా చూసుకునే కెమెరాను నీ చేతికిచ్చారు. ఎవరినీ ముట్టుకోనివ్వని కెమెరా. రెండు గంటల తర్వాత మేనేజరుగారి ఆఫీసులో ఆయనే కవరు విప్పితే అద్దం వెనక నీటి చుక్కలు కనబడ్డాయి. నొక్కితే పలకలేదు. తర్వాత రిపేరు చేసేవాడు కూడా చూసి తల అడ్డంగా ఊపాడు. మధ్యలో ఎవరు విప్పారని తాతగారు అడిగినప్పుడు గదిలో ఆయన, నువ్వు, నేను ముగ్గురమే ఉన్నాం. నువ్వు లేచి నిలబడ్డావు.

"నేనే విప్పానండీ. ఫొటో ఎలా వచ్చిందో చూద్దామనిపించింది."

ఆ మాట నీ నోట్లోంచి ఎలా వచ్చింది వదినా? ఆయన చెవి మీది పెన్సిలు తీసి, జాబితాలో నీ పేరు కొట్టేసి, కింద నా పేరు రాశారు. నువ్వు ఒక్క సంజాయిషీ ఇచ్చుకోలేదు. ఇంకో అవకాశం ఇవ్వమని బతిమాలలేదు. నాలుగేళ్లుగా ఆసుపత్రిలో అడిగి అడిగి ఎనిమిది రోజుల సెలవు సంపాదించావు. ఆ సరస్సు బొమ్మ నీ బీరువా తలుపు లోపల అంటించి ఉందని ఇంట్లో అందరికీ తెలుసు. అంతా పోతుంటే చేతులు కట్టుకుని నిలబడ్డావు. ఇంత జాగ్రత్త మనిషి ఎలా చేసిందోనని అమ్మ మూడు రోజులు వింతపడింది. నువ్వూ మనిషివేనని ఇప్పుడు నమ్మకం కుదిరిందన్నాడు అన్నయ్య. నువ్వు దానికీ నవ్వావు.

అక్కడితో ఆగినా బాగుండేది. మర్నాడు కాలేజీ నుంచి వచ్చేసరికి నా మంచం మీద నా స్వెట్టరు మడతపెట్టి ఉంది. దాని లోపల నాలుగు జేబులు. నీ స్వెట్టరు కుట్లు విప్పి, ఆ జేబులే నాకు కుట్టావు. పౌరుషం అనేది నీకు పుట్టుకతోనే లేదా, లేక మా ఇంటికి వచ్చాక పోయిందా? సీటు లాక్కున్న మనిషికి జేబులు కుట్టిపెట్టేవాళ్లను ఏమనాలో నిఘంటువంతా వెతికాను. దొరికిన మాటలన్నీ మెచ్చుకునేవే. అవి రాయడం నాకు ఇష్టం లేదు. అందుకే ఈసడింపు దగ్గరే ఆగాను.

ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు.

ఇట్లు,
నీ కోపానికి కూడా నోచుకోని
ఆడపడుచు.

తా.క. కవరు విప్పింది నేను. నీకిది కొత్త సంగతి కాదని తెలుసు. టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి నువ్వు చూశావు. కట్టి అప్పటికి పది నిమిషాలు కూడా కాలేదు. నువ్వు లోపల స్టాండు మడుస్తుంటే, కోల్డ్ స్టోరేజీ తలుపు పిడి మీద పేరుకున్న మంచును నేను ఆ కెమెరాతో ఒకే ఒక్క ఫొటో తీశాను. అది ఎలా వచ్చిందో చూడకుండా రెండు గంటలు కూర్చోలేకపోయాను. అద్దం మసకబారగానే చున్నీతో తుడిచి మళ్లీ కట్టేశాను. తాతగారు అడిగినప్పుడు చెప్పబోయాననీ, నీ మాట ముందు వచ్చేసిందనీ ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం. నువ్వేమైనా అంటావేమోనని ఆగాను. నువ్వు అన్నావు. ఆయన జాబితాలో నా పేరు రాస్తుంటే సంతోషించాను కూడా.

ఇవాళ కాలేజీ మానేసి స్టూడియోకు వెళ్లి అంతా చెప్పాను. తాతగారు నా పేరు కొట్టేసి నీ పేరు మళ్లీ రాశారు. నేను సెలవులన్నీ స్టూడియోలో కూర్చుని పాత ఫొటోల డబ్బాలు సర్దాలి. మీ పెద్ద డాక్టరుగారు నీ సెలవు కాగితం ఇంకా చింపలేదట, అన్నయ్య చేత ఫోన్ చేయించాను. ఎందుకో తనకు చెప్పలేదు. నీకు మాత్రం తాతగారు చెప్పనన్నారు. "మీ వదినతో నువ్వే చెప్పుకో" అన్నారు. అది చెప్పడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. మూడు పేజీలు నిన్ను తిడితే గాని చెయ్యి కదల్లేదు.

ఆదివారం పొద్దున ఐదింటికి జీపు మన గేటు దగ్గరికే వస్తుంది. నేను అక్కడ ఉంటాను. ఎక్కే ముందు, తాతగారూ మేనేజరుగారూ వినేలా, నన్ను నాలుగు మాటలు తిట్టు. తిట్టకుండా వెళ్లిపోయావంటే, ఆ ఎనిమిది రోజులూ ఈ ఇంట్లో ఎలా తిరగాలో నాకు తెలియడం లేదు.