దుర్మార్గంగా బాగున్న కేకు

థోర్న్‌బెక్, యార్క్‌షైర్

శ్రీ లయొనెల్ పార్జిటర్ గారికి,

చాపెల్ వీధి నుంచి హెప్సిబా ఓల్డ్‌రాయిడ్ వ్రాయునది. మా ఊరి వంటల పోటీలో నా పార్కిన్ కేకుకు మొదటి బహుమతి ఇచ్చారు, సంతోషం. కానీ పక్కన పెట్టిన చీటీ మీద 'దుర్మార్గంగా బాగుంది' అని రాశారు. ఊరంతా చదివింది.

మా చాపెల్‌లో ప్రార్థనకు వచ్చేవాళ్ళెవరూ మందు చుక్క ముట్టరు. రెండో బహుమతి వచ్చిన క్రౌథరమ్మ అందరి ముందూ, "ఏం హెప్సిబా, కేకులో రమ్ము పోశావంటగా?" అంది. నేను పోసింది నల్ల పాకం, అల్లం. అయినా మా ప్రసంగి స్వెయిల్స్ గారు, ఈ ఏడు చాపెల్ పండుగకు కేకు నాచేత చేయించాలా వద్దా అని పెద్దలను పిలుస్తున్నారు. మా ఆయన పోయాక నన్ను నలుగురిలో నిలబెట్టింది ఆ కేకే. ఆ మాట వెనక్కి తీసుకోండి.

ఇట్లు,
హెప్సిబా ఓల్డ్‌రాయిడ్

తా.క.: కేకులు దుర్మార్గం చేయవు. క్రౌథరమ్మ సంగతి చెప్పలేను.

---

లీడ్స్

గౌరవనీయులైన ఓల్డ్‌రాయిడ్ గారికి,

ఘోరంగా విచారిస్తున్నాను. మా వైపు అది మెచ్చుకోలు. మీ కేకు రాక్షసంగా మెత్తగా ఉంది, పైశాచికంగా నోరూరించింది. ఈ ఉత్తరం మీ పెద్దలకు చూపించండి, అనుమానం తీరిపోతుంది.

విధేయుడు,
లయొనెల్ పార్జిటర్

తా.క.: మీరు భయంకరంగా మంచివారిలా ఉన్నారని మా ఆవిడ అంటోంది.

---

థోర్న్‌బెక్

అయ్యా పార్జిటర్ గారూ,

చూపించాను. ఒక్క దుర్మార్గంతో పోయేదానికి రాక్షసుణ్ణీ పిశాచాన్నీ తోడు పంపారు. స్వెయిల్స్ గారు చదివి కళ్ళజోడు తీసేశారు. గురువారం పెద్దలు మా ఇంటికి వచ్చి కేకు స్వయంగా పరీక్షిస్తారట. నాకు భయంగా ఉంది. ఈలోగా మంచి మాట ఒక్కటి రాసి పంపండి.

ఇట్లు,
హెప్సిబా

తా.క.: ఘోరంగా విచారించనక్కర్లేదు. మామూలుగా విచారిస్తే చాలు.

---

లీడ్స్

అమ్మా,

ఇదిగో: 'కేకు బాగుంది. రమ్ము లేదు.'

లయొనెల్ పార్జిటర్

తా.క.: ఇందులో ఇంకే మాటా కలపలేదు. మా ఆవిడ పక్కనే నిలబడి రాయించింది.

---

థోర్న్‌బెక్

ప్రియమైన పార్జిటర్ గారికి,

మీ ఉత్తరం శుక్రవారం అందింది. అప్పటికే పరీక్ష అయిపోయింది. రమ్ము ఉందో లేదో పెద్దలకు మొదటి ముక్కలో తేలలేదు. రెండో ముక్కలోనూ తేలలేదు. మూడోది ఆ పెద్దల్లో ఒకడైన క్రౌథరమ్మ మొగుడు అడక్కుండానే తీసుకున్నాడు. చివరికి స్వెయిల్స్ గారు పళ్ళెంలో పొడి కూడా వేలితో అద్దుకుని, "రమ్ము లేదమ్మా. అయితే ఆ జడ్జి రాసింది మాత్రం అబద్ధం కాదు" అన్నారు. పండుగ కేకు నాదే. వాళ్ళు వెళ్ళాక కూర్చుని ఏడ్చాను.

పండుగ నాడు ఆ దుర్మార్గం ఏపాటిదో చూద్దామని ఎదుటి చర్చి వాళ్ళూ, పబ్బులో కూర్చునేవాళ్ళూ కూడా చాపెల్‌కు వచ్చారు. నిలబడడానికి చోటు లేకపోయింది. అందుకని మీరు పంపిన మంచి మాట తిప్పి పంపుతున్నాను. పాతదే ఉండనివ్వండి.

మీ మేలు కోరే,
హెప్సిబా ఓల్డ్‌రాయిడ్

తా.క.: వచ్చే ఏడు క్రౌథరమ్మ కేకు ఎలా ఉన్నా సరే, 'పవిత్రంగా ఉంది' అని రాయండి. ఊళ్ళో ఒక్కరూ ముట్టరు.