కొస మడి తాళం

నిజామాబాద్, మార్చి 6

ప్రియమైన బాపూ,

ఫౌజు నుంచి వచ్చిన ఏడాది తూము తాళం తీసుకెళ్లి అంజవ్వ చేతిలో ఎందుకు పెట్టావు? అప్పుడు నేను తొమ్మిదో తరగతి. కాలువ గట్టు మీద నీ పక్కనే ఉన్నాను. "ఫౌజు లంగర్ల, వంటకాడ, సిపాయి తిన్నంకనే హవల్దార్ తింటడు. ఈడ గూడ కొస మడి తడిసినంకనే నా మడి తడవాలె" అన్నావు. ఆయకట్టు చిట్టచివర కాస్త వరి ఉన్న, మొగుడు పోయిన మనిషి చేతికి ఊరి నీళ్ల తాళం! ఆ మాటే నిన్ను సర్పంచిని చేసింది, చివరికి ఎంపీని చేసి ఢిల్లీకి పంపింది. అది న్యాయమని చేశావా, నలుగురూ చూస్తున్నారని చేశావా అని ఇన్నేళ్లలో అడగలేకపోయాను.

ఇప్పుడు అడగాల్సి వచ్చింది. నిన్న అంజవ్వ బస్సెక్కి మా ఇంటికొచ్చింది. ఈ యాసంగి పంట నుంచి తాళం మన చిన్నబాపు కొడుకు భాస్కర్ దగ్గర ఉందట. ముందు చెరుకు తడుస్తోంది, అందులో మనదీ ఉంది. కొసన వరి పొట్టకొచ్చి ఎండుతోంది. అడిగితే భాస్కర్ తాము ఎంపీ సాబ్ మనుషులమన్నాడట.

అంజవ్వ ఏడవలేదు. చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, "మీ బాపుకు ఎరుకనా, ఎరుక లేదా? గదొక్కటి చెప్పు బిడ్డా" అంది. ఎరుక లేదన్నాను. గట్టిగానే అన్నాను.

ఫోన్ చేస్తే నీ పీఏ ఎత్తుతాడు. ఉత్తరమైతే నువ్వే చింపి చదువుతావు, ఫౌజు అలవాటు. భాస్కర్‌కు ఒక్క మాట చెప్పు. కొస రైతులు గడ్డపారలు తెచ్చి తూము పగలగొడతామంటున్నారు.

నీ బిడ్డ,
జ్యోతి


న్యూఢిల్లీ, మార్చి 11

బిడ్డ జ్యోతికి మీ బాపు దీవెనలు.

నీ ఉత్తరం ముట్టింది. నీకు అబద్ధం రాయ. తాళం భాస్కర్‌కు ఇయ్యమన్నది నేనే. పోయిన యాసంగిల కాలువ మీదిపక్క రైతులు తాళం పలగ్గొట్టి నీళ్లు మలుపుకున్నరు. అంజవ్వ ముసలిదాయె, ఎట్ల ఆపుతది? బలమున్నోని చేతుల ఉంటే వంతు నిలుస్తదనుకున్న. వాడు గిట్ల చేస్తడనుకోలే.

ఇప్పుడు గుంజుకుంటే ఊరు రెండు ముక్కలైతది. నా ఎలక్షన్ నడిపింది వాడే. ఇంకో ముచ్చట. సభల ప్రశ్నల లాటరీల మన ప్రశ్నకు నంబర్ వచ్చింది, ఇరవై నాలుగో తారీఖు. మూతబడ్డ షుగర్ ఫ్యాక్టరీ గురించి మంత్రిని నిలబెట్టి అడుగుడు నాకు ఇదే మొదలు. బోధన్ కాడ ఎన్ని ఇండ్లు దానిమీద ఆశ పెట్టుకున్నయో నీకెరుకే. అదయినంక వస్త. అప్పటిదాక ఓపిక పట్టుమను. నువ్వు తూము కాడికి పోకు.

మీ బాపు,
రామ్‌దాస్


నిజామాబాద్, మార్చి 15

ప్రియమైన బాపూ,

పోవద్దన్నావు. పోయాను. నీ ఉత్తరంతో నేను అంజవ్వకు చెప్పిన జవాబు అబద్ధమైపోయింది. దాన్ని నేనే దిద్దుకోవాలి కదా.

గట్టుకు ఒకవైపు భాస్కర్ మనుషులు, ఇంకోవైపు కొస రైతులు. మధ్యన ఇద్దరు పోలీసులు. భాస్కర్ నన్ను చూసి, "ఏమక్కా, కాలేజీల పిల్లలు అయిపోయిండ్రా? మాకు పాఠం చెప్పొస్తివి" అన్నాడు. అందరూ నవ్వారు. నేను అంజవ్వ దగ్గరికి వెళ్లి, బాపుకు ఎరుకేనని చెప్పాను. ఆమె నీళ్ల వైపు తిరిగి ఇలా అంది:

"అట్లనా. ఇన్నొద్దులు గీ భాస్కర్‌ను తిట్టుకుంట తిరిగిన. ఉత్తగ పాపం తగిలె."

అంతలోనే ఎవరో గడ్డపార ఎత్తారు. తోపులాటలో అంజవ్వ గట్టు మీంచి జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. పట్టీ వేయించి ఇంట్లో దింపి వచ్చాను.

కొస రైతులు ఇరవై మూడు పొద్దుగూకేదాకా చూస్తారట. తర్వాత తూము ఉండదంటున్నారు. నీ ప్రశ్న ఆ మర్నాడు. రమ్మని రాయడం లేదు. కానీ ఓపిక పట్టమని మనుషులకైతే చెప్పగలను, పొట్టకొచ్చిన వరికి ఎలా చెప్పను?

జ్యోతి


న్యూఢిల్లీ, మార్చి 19

బిడ్డా,

నేను రాను. ఒక్క తూము కోసం అందరి ప్రశ్న ఇడిసిపెడితే రేపు నన్నేమంటరు? ఫౌజుల పోస్టు ఇడిసి పోవుడు ఉండది. భాస్కర్‌కు ఫోన్ చేస్తున్న, ఎత్తుత లేడు.

అంజవ్వ చెయ్యి ఎట్లున్నది? రాయి.

మీ బాపు


నిజామాబాద్, మార్చి 28

ప్రియమైన బాపూ,

రానని రాసిన ఉత్తరం ఇరవై మూడున పొద్దున్న అందింది. అది సంచిలో పెట్టుకునే తూము దగ్గరికి పోయాను. మధ్యాహ్నానికి నువ్వే వచ్చావు. కారు రోడ్డు మీదే వదిలేసి, చెప్పులు చేత పట్టుకుని గట్టు వెంట నడిచి వచ్చావు.

నీ ఫోన్ ఎత్తని భాస్కర్ నువ్వు చెయ్యి చాపగానే తాళం ఇచ్చేశాడు. దాన్ని అంజవ్వ ఎడమ చేతిలో పెట్టబోయావు. ఆమె చెయ్యి కొంగులో దాచుకుంది.

"నీ చేతికెల్లి తీసుకోను తమ్మీ. ఇచ్చినోడే మల్ల గుంజుకుంటడు. మా కొస గట్టు మీద రాయి పాతి, దానికి ఏలాడెయ్యి. ఎవలికి కావాలన్నా ఆడిదాక నడిసి రానీ. మా మడి తడిసిందో లేదో సూసి తీసుకపోనీ."

రాయి నువ్వే పాతావు. గుంత తవ్వడానికి ఎవర్నీ రానివ్వలేదు. పొద్దుగూకక ముందే కొస మడిలోకి నీళ్లెక్కాయి. సగం గింజ పట్టక తాలు పోతుందట, మిగతాది నిలుస్తుందట. తాళం ఇంకా ఆ రాయికే ఉంది. నిన్న భాస్కర్ కూడా అక్కడిదాకా నడిచే వెళ్లాడని అంజవ్వ కబురు పంపింది.

ఆ రాత్రి నీళ్లకు కాపలాగా నువ్వు గట్టు మీదే ఉండిపోయావు. మర్నాడు సభలో నీ పేరు పిలిచారు. నువ్వు లేవు. నిలబెట్టి అడిగేవాళ్లు లేక మంత్రి జవాబు కాగితం మీదే ఉండిపోయింది. మొన్న బోధన్ బస్టాండులో ఫ్యాక్టరీ పాత కార్మికుడొకాయన నన్ను గుర్తుపట్టి, "మీ బాపు మంచోడే అమ్మా. మాకే కాడు" అన్నాడు. కోపం లేకుండానే అన్నాడు. బస్సు వచ్చింది, ఎక్కలేకపోయాను.

న్యాయమని చేశావా, నలుగురూ చూస్తున్నారని చేశావా అన్న నా మొదటి ప్రశ్నకు నువ్వు జవాబు రాయనేలేదు. ఇక రాయకపోయినా సరే. ఇప్పుడు అది నా వైపే తిరిగింది. రమ్మని రాయడం లేదంటూనే నిన్ను రప్పించాను. అంజవ్వ కోసం రప్పించానా, నా ఎదుట నువ్వు మళ్లీ ఆ గట్టు మీది మనిషివి కావాలని రప్పించానా? కాలేజీలో ప్రజాప్రతినిధి బాధ్యతల పాఠం ఏటా నేనే చెబుతాను. ఈసారి ఆ పేజీ దాటవేశాను.

కొస మడి పచ్చగా ఉంది. ఫ్యాక్టరీ గేటు మూసే ఉంది. నిన్ను రప్పించిన ఆ ఉత్తరం రాసి మంచి చేశానో చెడు చేశానో నాకింకా తేలలేదు బాపూ.

నీ బిడ్డ,
జ్యోతి