రబ్బరు బూట్ల లెక్క

కోయిలకుంట్ల, బుధవారం

ఈరోజు ఐటీఐలో సార్ నన్ను బోర్డు దగ్గరికి పిలిచినాడు. సిరీస్ సర్క్యూట్ లెక్క. కరెంటుకు ఒకటే దారి ఉంటే, ఆ దారిలో అడ్డొచ్చే నిరోధాలన్నీ కూడుకోవాల.

"తడి మడిలో ఉత్తకాళ్లతో నిలబడి ఒకాయన స్టార్టర్ పెట్టె ముట్టుకున్నాడు. రెండువందల ముప్పై వోల్టులు. ఒంటి నిరోధం వెయ్యి ఓంలు. ఎంత కరెంటు పోతాది, చెప్పమ్మా?"

సార్‌కు మా ఆయన సంగతి తెలీదు. మూడేండ్ల కింద రైతుల మోటారు బాగుచేస్తా ఆయన పోయింది అట్లనే. చాక్‌పీసు పట్టుకొని భాగించినా. రెండువందల ముప్పై మిల్లీ ఆంపియర్లు.

"బతుకుతాడా?"

"బతకడు సార్."

"ఇప్పుడు రబ్బరు బూట్లు తొడుగు. ఇంకో రెండు లక్షల ఓంలు కలుపు."

కలిపినా. ఒక మిల్లీ ఆంపియరు, ఇంకొంచెం. చెయ్యి జిల్లుమంటాది, అంతే. ఆ లెక్క తుడిచేదానికి నాకు చెయ్యి రాలేదు. సారే తుడిచినాడు.

ఇంటికొచ్చి అత్తకు ఆ లెక్క చెప్పినా. ఇన్నాళ్లూ "వాని ఆయుస్సు అంతే" అనుకుంటా నెట్టుకొచ్చిన మనిషి. చెప్పకుండా ఉండాల్సిందేమో.

అన్నం తిన్నాక అడిగింది. "పరీక్షయినాక నువ్వు గూడా ఆ పెట్టెలే ముట్టుకుంటావు గదా. నీకుండాయా బూట్లు?"

"ఐటీఐలో ఉండాయత్తా."

"రేపు తెచ్చి నాకు చూపించు," అనింది.

గోడ పక్కకు తిరిగి పడుకుంది. నిద్ర పోలేదని తెలుస్తానే ఉండాది.